వెలుగు చూడని పెన్ను

పెద్దాయన ఇంట్లో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. దాని మీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డ మీద పాత ఇంకు పెన్నులు. అన్నీ ఒకే వైపు తల పెట్టుకుని పడుకుని ఉంటాయి, ఆస్పత్రి వార్డులో రోగుల్లాగా. ఆయన పొద్దున్నే లేచి టీ తాగి, ఒక్కోదాన్నీ తీసి, తుడిచి, కాసేపు పలకరించి మళ్ళీ పడుకోబెడతాడు.

నలభై ఏళ్ళు ఒక కాలేజీ గేటు ఎదుట చెక్క బడ్డీలో కూర్చుని పెన్నులు బాగుచేసిన మనిషి. పెన్నుల డాక్టరు అనేవాళ్ళు. బాల్ పెన్నులు వచ్చి రోగులు తగ్గిపోయాక బడ్డీ ఎత్తేశాడు. మోజు మాత్రం ఎత్తెయ్యలేకపోయాడు. పాత సామాన్ల కొట్లలో, పోయిన గుమాస్తాల సొరుగుల్లో, ఎక్కడెక్కడో వెతికి ఏరుకొస్తాడు. పెన్ను చేతికిస్తే చాలు, ఏ కాలంలో చేశారో, గొట్టం దేనితో చేశారో, మధ్యలో ఎవరైనా పాళీ మార్చారేమో, మూత దాని సొంతమా లేక వేరే పెన్నుదాన్ని తెచ్చి పెళ్ళి చేశారా, అన్నీ చెప్పేస్తాడు.

అన్నిటికంటే ఆయన గర్వం పాళీ చదవడం మీద. పాళీ కొసన ఆవగింజలో పదో వంతు ఉండే గట్టి లోహపు బొట్టు ఒకటి ఉంటుంది. రాసే చెయ్యి ఎటు వాలితే ఆ బొట్టు అటు అరుగుతుంది. ఏళ్ళ తరబడి ఒకరి దగ్గరే ఉన్న పెన్ను ఆ చేతి వాటం నేర్చేసుకుంటుంది. పెద్దాయన కంటికి అద్దం బిగించుకుని ఆ బొట్టుని చూసి, "ఎడంచేతి మనిషి. నొక్కి రాస్తాడు. ముక్కు మీద కోపం," అని తేల్చేసేవాడు. తప్పేది కాదు.

మనుషుల దగ్గర మాత్రం తప్పేది.

ఆయనకి ఒక్కతే కూతురు. బట్టలు కుడుతుంది. భార్య పోయి నాలుగేళ్ళు. ఆరు నెలల కింద కూతురు ఊరి అవతలివైపు ఒక పాత మేడలో కింది వాటా అద్దెకి తీసుకుంది. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం.

"ఇంట్లో చోటు లేదా నీకు?" అన్నాడు పెద్దాయన.

"చోటు ఉంది నాన్నా. గాలే లేదు," అంది కూతురు. మిషను రిక్షాలో పెట్టించుకుని వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే ఆయన ఫోన్ చేసి గుండెల్లో నొప్పి అన్నాడు. ఆ పిల్ల కాలికి ఒక చెప్పుతోనే పరిగెత్తుకొచ్చింది. వచ్చి చూస్తే ఈయన బల్ల దగ్గర కూర్చుని పాళీ తోముకుంటున్నాడు. ఆమె గుమ్మంలో అలాగే కాసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఫోన్లో కూడా పొడి మాటలే. "తిన్నావా." "తిన్నాను." "ఉంటా." అంతే.

అలాంటిది, ఒక బుధవారం సాయంత్రం తనంతట తనే వచ్చింది. చేతిలో లైనింగు గుడ్డ ముక్కలో చుట్టిన పొట్లం.

"నీకు ఇష్టమని తెచ్చాను. మురిసిపోకు," అంది.

విప్పాడు. ఇంకు పెన్ను. మూత లేదు. నల్లగా ఉంది... అలాంటి ఇలాంటి నలుపు కాదు, కాటుక నలుపు. గొట్టం మీద సన్నగా అలల గీతలు. పెద్దాయన దాన్ని కిటికీ వైపు తిప్పాడు.

"ఎక్కడిదే ఇది?"

"మా కొట్లో నేల చెక్క పలకలది కదా, కిందంతా బోలు. గుండుసూదుల డబ్బా ఒలికి సగం సూదులు సందులోంచి కిందికి పోయాయి. సూదులేరుకునే అయస్కాంతాన్ని దారానికి కట్టి దించాను. సూదులు రాలేదు. ఇదొచ్చింది." నవ్వింది. "ముందు రానంది నాన్నా. లాగితే అటునుంచి ఎవరో పట్టుకున్నట్టు బరువు. తర్వాత మనసు మార్చుకుని వచ్చేసింది."

"మూతేదీ?"

"చూశావా! కూతురు ఎలా ఉందో అడగలేదు. మూతేదీ అట."

"మూత లేకపోతే సగం పెన్నే తల్లీ. ఇంత పాతదానికి మళ్ళీ మూత ఎక్కడ దొరుకుతుంది? అక్కడే ఉంటుంది. ఒక్కసారి చూడకూడదూ?"

ఈ జబ్బు పాత పెన్నులు పోగుచేసేవాళ్ళందరికీ ఉంటుంది. సగం దొరికితే నిద్ర పట్టదు. కూతురు ఆయన మొహం చూసి ఏమనుకుందో, కాస్త మెత్తబడింది.

"సరే. ఆదివారం సెలవే కదా. రెండు పలకలు లేపి దిగి చూస్తాను. పన్నెండుకల్లా ఇక్కడికొచ్చి భోంచేస్తాను. సర్వేయరు బాబాయ్ కూడా వస్తాడుగా? ఆయనకి చెప్పు, నా వాటా మిగల్చమని."

ఆరు నెలల తర్వాత ఇంట్లో భోంచేస్తానంది! మూత సంగతి దేవుడెరుగు, ఆ మాటకే పెద్దాయన ఆ రాత్రి రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగాడు.

మర్నాడు పెన్ను విప్పి గోరువెచ్చని నీళ్ళలో కడిగాడు. పాత పెన్ను ఏది కడిగినా లోపల ఎండిన ఇంకు నీలంగానో నల్లగానో దిగుతుంది. దీంట్లోంచి తేటనీళ్ళు వచ్చాయి. చుక్క మిగల్లేదు, ఎవరో నాకేసినట్టు. తడిసిన గొట్టం గంధకం వాసన కొట్టింది. ఎబొనైట్ అంటే గంధకం కలిపి ఉడికించి గట్టిపరిచిన రబ్బరే కదా, ఆ వాసన మామూలే. డ్రాపరుతో ఇంకు పోసి రాసి చూశాడు. పాళీ కాగితాన్ని గీరింది. తిరగేసి రాశాడు. వెన్నలా జారింది.

"ఎవడో తిరగేసి రాసేవాడు కాబోలు," అనుకుని పక్కన పెట్టాడు. ఆదివారం మూత వస్తుంది, సర్వేయరు వస్తాడు, అప్పుడు తీరిగ్గా చూడొచ్చు.

ఆదివారం తెల్లారేసరికే ముసురు పట్టింది. తొమ్మిదింటికి కూతురు ఫోన్ చేసి, "పలకలు లేపుతున్నా. తుప్పు మేకులు, వేళ్ళు పోతున్నాయి. నీ మూత దొరక్కపోతే నా కూలి ఇవ్వాలి," అంది. పదకొండింటికి సర్వేయరు గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. భూములు కొలిచి రిటైరైన మనిషి. పెద్దాయనకి ముప్పై ఏళ్ళ స్నేహితుడు, పెన్నుల దగ్గర పోటీదారు. మోకాళ్ళు అరిగాయి గానీ నాలుక అరగలేదు.

"ఏవయ్యా డాక్టరూ, రోగి ఏదీ?"

పెద్దాయన పెన్ను అందించాడు. సర్వేయరు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు.

"కొత్తది చేయించి పాతదని అమ్మారు నీకు."

"నీ మొహం. పాళీ కింద ఇంకు అందించే ఆ ముక్క చూడు, అలా కోసే పద్ధతి పోయి ఎనభై ఏళ్ళయింది."

"మరి గొట్టం ఇంత నల్లగా ఉందేం? ఎబొనైట్ వెలుగు తగిలితే గోధుమరంగుకి తిరుగుతుందని నువ్వేగా నాకు నేర్పింది. నా దగ్గరున్నవన్నీ బెల్లం ముక్కల్లా ఉన్నాయి."

"వాడకుండా పెట్టెలో ఉంచేసుంటారు. వెలుగు తగల్లేదు."

"సరే. వాడలేదంటావు." సర్వేయరు కంటికి అద్దం పెట్టుకున్నాడు. పాళీ కొసని దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇటు రా. ఇది చూసి మళ్ళీ ఆ మాట అను."

పెద్దాయన అద్దం తీసుకుని చూశాడు. పాళీ కొసన బొట్టు సగం లేదు. అరిగిపోయింది. రోజూ రాసినా అంత అరగాలంటే ముప్పై ఏళ్ళు పడుతుంది. అయితే అరిగింది కింది వైపు కాదు, పై వైపు. తిరగేసి పట్టుకుని రాసిన అరుగుదల ఆయనకి తెలుసు, అది ఏటవాలుగా ఉంటుంది. ఇది అలా లేదు. చదునుగా, పెన్నుని నిలబెట్టి సానబెట్టినట్టుంది.

ముప్పై ఏళ్ళు రాసిన పెన్ను. ఒక్కరోజు కూడా వెలుగు చూడని పెన్ను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఏ వాటం ఇది?" అన్నాడు సర్వేయరు.

పెద్దాయన ఒక కాగితం తీసి బల్ల అడుగున నాలుగు మూలలా అంటించాడు. బల్ల కింద దూరి వెల్లకిలా పడుకున్నాడు.

"నడుం పట్టేస్తుందయ్యా, నిన్ను లేపే ఓపిక నాకు లేదు," అన్నాడు సర్వేయరు. ఆ మాటలో వెటకారం సగమే ఉంది.

మొహానికి మూరెడు పైన కాగితం. పెన్ను నిటారుగా ఎత్తి రాశాడు. గీరలేదు. ఆగలేదు. పాళీ తనంతట తనే దారి వెతుక్కుంటున్నట్టు హాయిగా సాగింది. నాలుగు మాటలు రాసేసరికి ఇంకు అందక ఆగింది. పైకి ఇంకు ఎక్కదు కదా. ఒక్కసారి కిందికి దించి విదిలిస్తే మళ్ళీ నాలుగు మాటలు. అలా వెల్లకిలా పడుకుని, ముక్కు మీద కప్పు పెట్టుకుని, చీకట్లో, ముప్పై ఏళ్ళు...

ఆయన గబగబా పైకి వచ్చేశాడు.

సర్వేయరు పెన్ను అందుకుని గొట్టం తోక చూశాడు. "పంటిగాట్లున్నాయి. రాస్తూ ఆలోచించేవాళ్ళు కొరుకుతారు, వింతేం లేదు. కానీ ఇవి..." ఆగాడు. "అడుగునున్నవి చిన్నవి. పాలపళ్ళు. వాటి మీద కాస్త పెద్దవి. వాటి మీద ఇంకా పెద్దవి."

వాన చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. గడియారం పన్నెండున్నర దాటింది. పెద్దాయన కూతురికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

"దిగి ఉంటుంది. పైన పెట్టేసి ఉంటుంది ఫోను," అన్నాడు సర్వేయరు. "అవునూ, ఇది అయస్కాంతానికి అంటుకుని వచ్చిందన్నావు కదూ?"

"అవును."

సర్వేయరు జేబులోంచి దిక్సూచి తీశాడు. అది లేకుండా పెరట్లోకి కూడా వెళ్ళడని భార్య తిట్టేది. పెన్నుని ముల్లు పక్కన పెట్టాడు. కదల్లేదు. పాళీ పెట్టాడు. కదల్లేదు. ఇటునుంచి అటు తోకదాకా జరిపాడు. ముల్లు ఉత్తరం వైపు చూస్తూ అలాగే ఉంది.

"పాళీ బంగారం. గొట్టం రబ్బరు. దీంట్లో ఆవగింజంత ఇనుము లేదు డాక్టరూ. అయస్కాంతానికి ఇది ఎలా అంటుకుంటుంది?"

"దారానికి చిక్కుకుని..."

"చిక్కుకుంటే చిక్కుకుంది." సర్వేయరు దిక్సూచి మూసేశాడు. "లేకపోతే ఎవరో కట్టారు."

పెద్దాయనకి తన బడ్డీ గుర్తొచ్చింది. నలభై ఏళ్ళు మనుషులు అలాగే ఇచ్చారు పెన్నులు. ఏమీ చెప్పకుండా కిటికీలోంచి చెయ్యి చాపి పెట్టేసి వెళ్ళేవాళ్ళు. ఇంకు అయిపోయిందనో, రాయట్లేదనో. సాయంత్రానికి వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు.

ఇది ఇచ్చి నాలుగు రోజులైంది.

పెన్ను జేబులో పెట్టుకుని గొడుగు కూడా తీసుకోకుండా బయటపడ్డాడు. "నువ్వు ఫోన్ చేస్తూనే ఉండు!" అని వెనక్కి అరిచాడు.

బస్సులో ఇరవై నిమిషాలు. ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు గొడుగు మూసుకుంటూ నెమ్మదిగా ఎక్కుతున్నారు. పెద్దాయన కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. చొక్కా జేబులో పెన్ను గుండెకి ఆనుకుని ఉంది. చల్లగా ఉంది. ఒంటి వేడి తగిలితే ఎబొనైట్ ఇట్టే వెచ్చబడుతుంది. ఇది వెచ్చబడలేదు.

కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాడు.

మిషను మీద దీపం వెలుగుతోంది. సగం కుట్టిన జాకెట్టు సూది కింద అలాగే ఉంది. బల్ల మీద ఫోను గిరగిరా తిరుగుతూ మోగుతోంది, పదిహేడోసారో పద్దెనిమిదోసారో. ఆగింది. గది మధ్య రెండు పలకలు లేపి గోడకి ఆనించి ఉన్నాయి. అవి ఉండాల్సిన చోట పొడుగాటి నల్లటి కంత. అందులోంచి తడిమట్టి వాసన. మట్టి వాసన కింద ఇంకో వాసన...

గంధకం.

"అమ్మాయ్!"

కంతలోంచి చప్పుడు. గర్... గోటితో చెక్క మీద గీరినట్టు. ఒక్క క్షణం. ఆగిపోయింది.

"తల్లీ, ఎక్కడున్నావే? పలకవేం?"

గర్ గర్ గర్... గర్. ఈసారి ఇంకాస్త సేపు. ఆయన మాట ఎంత పొడుగుందో సరిగ్గా అంత. ఆగిపోయింది.

పెద్దాయన నోరు మూసుకున్నాడు. చప్పుడూ లేదు. వాన. గోడ మీద కొలతల టేపు నెమ్మదిగా ఊగుతోంది.

అప్పుడు కిందనుంచి, చాలా దూరంనుంచి, గొంతు. ఆయన కూతురిదే. కానీ గొంతు చిరిగిపోయి ఉంది.

"నాన్నా... మాట్లాడు... ఆపకు..."

గర్ గర్... గర్...

"ఏమైందే?"

"పొద్దుట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నా... గొంతు పోయింది. ఆపితే దగ్గరికొస్తోంది నాన్నా... నోటి దగ్గర... చెవి పెడుతోంది."

పెద్దాయన ఫోను అందుకుని దాని దీపం వెలిగించాడు. కంతలో కాళ్ళు దించాడు. నేల తగల్లేదు. ఇంకా దించాడు. నడుం దాకా దిగాక తగిలింది, మెత్తగా, చల్లగా. వంగి పలకల అడుగు వైపు దీపం తిప్పాడు.

రాత.

పలక పలకనా రాత. ఈ గోడనుంచి దీపం ఆనని దూరందాకా, చీమల బారుల్లా, సందు లేకుండా. దూరంగా ఉన్నది వెలిసి పసుపుపచ్చగా ఉంది. దగ్గరిది నల్లగా ఉంది. కళ్ళు చికిలించి చదివాడు.

ఛాతీ ముప్పై ఆరు. నడుం ముప్పై. చెయ్యి పొడుగు పదహారు. మెడ కాస్త వెడల్పుగా పెట్టమ్మా. రేపు ఇస్తానండి. రేపంటే రేపే ఇవ్వాలి మరి.

దాని కింద, నాన్న తిన్నాడో లేదో.

దాని కింద, ఫోన్ చేద్దామా. వద్దులే. మళ్ళీ నొప్పి అంటాడు.

దాని కింద, ఒక్కదాన్నే మాట్లాడుకుంటున్నా పిచ్చిదానిలా.

అక్కడితో ఇంకు అయిపోయింది. ఆ తర్వాతదంతా చెక్కలోకి గీరి ఉంది. గీతల్లో తడి ఉంది. అది ఇంకు కాదు.

చదవడం ఆపి వెనక్కి జరిగాడు. వెలుగు పక్కకి జారింది. దూరంగా, పలకల కిందే, ఏదో వెల్లకిలా పడుకుని ఉంది. పొడుగ్గా. మొహం ఇటు లేదు. అటువైపున్న కూతురి మొహం వైపు తిరిగి, నోటికి ఆనుకుని ఉంది... ఆయన దీపం ఆర్పేశాడు. చూస్తే గొంతు పెగలదని తెలిసింది. ఇప్పుడు కావలసింది గొంతు.

జేబులోంచి పెన్ను తీశాడు. బాగుచేసిన పెన్నుని పాళీ వైపు పట్టుకుని తోక వైపు అందించడం ఆయన నలభై ఏళ్ళ అలవాటు. అలాగే చీకట్లోకి చాపాడు. నలభై ఏళ్ళు అన్న మాటే అన్నాడు.

"ఇంకు పోశాను. రాసి చూడండి."

ఏదీ కదల్లేదు.

తర్వాత మట్టి మీద ఒంటిని ఈడ్చుకుంటున్న చప్పుడు... వస్తోంది... వచ్చింది. గంధకం వాసన మొహానికి కొట్టింది. చేతిలో పెన్ను మెల్లిగా బరువెక్కింది. లాక్కోలేదు. మర్యాద తెలిసినవాళ్ళు తీసుకున్నట్టే, నెమ్మదిగా తీసుకుంది.

ఆయన తల పైన, చెక్క మీద, పాళీ చప్పుడు. మెత్తగా. పట్టు గుడ్డ జారినట్టు. "ఇంకు పోశాను, రాసి చూడండి" అన్నంత సేపు. ఆగింది. ఎదురుచూస్తోంది.

ఇప్పుడు మాట్లాడాలి. ఏం మాట్లాడాలి? పెద్దాయన జన్మలో వరసగా పది మాటలు మనసులోవి మాట్లాడిన మనిషి కాదు.

"అమ్మాయ్, నువ్వు ఇటు పాకుతూ రా. నా గొంతు వినపడే వైపు రా. నేను మాట్లాడుతూ ఉంటా," అన్నాడు. పైన పాళీ పరిగెత్తింది. "ఆ రోజు గుండెల్లో నొప్పి అన్నది అబద్ధం. నీకు తెలుసు, నాకు తెలుసు. తప్పయిందని మాత్రం అనలేదు. అనడానికి నోరు రాలేదు. నువ్వు ఒక చెప్పుతో గుమ్మంలో నిలబడ్డావు చూడు... ఆ రెండో చెప్పు ఎక్కడ జారిపోయిందోనని వీధి చివరిదాకా వెతికాను మర్నాడు. దొరకలేదు."

టప్. ఆయన చెంప మీద చల్లటి చుక్క పడింది. పాళీ విదిలించింది. మళ్ళీ రాస్తోంది.

"మీ అమ్మ పోయాక ఇంట్లో మాటలు లేవు. పెన్నులతో మాట్లాడేవాణ్ణి. నువ్వు గాలి లేదన్నావు. నిజమే. నేనే కిటికీలన్నీ మూసేశాను. నువ్వు వెళ్ళాక నీ గదిలో పడుకున్నాను రెండ్రోజులు. నీకు చెప్పలేదు. నువ్వు నవ్వుతావని."

టప్. టప్. మట్టి మీద మోచేతుల చప్పుడు దగ్గరవుతోంది. ఒక చప్పుడేనా, రెండా... వినకు. మాట్లాడు.

"నీ కుట్టు నీ ఇష్టం. నీ కొట్టు నీ ఇష్టం. వేరేచోట పెట్టుకో, పైఅంతస్తులో పెట్టుకో. నేను వచ్చి గుండీలు కుడతాను. పాళీలు బిగించిన చేతులు, గుండీలు ఒక లెక్కా..."

ఆయన చేతి మీద ఒక చెయ్యి పడింది. చల్లగా ఉంది. వేళ్ళ కొసల్లో సూదిపోట్ల గరుకు. కూతురే. చంకల కింద చేతులేసి బలమంతా పెట్టి పైకి నెట్టాడు. ఆమె గది నేల మీదికి దొర్లింది. మాట ఆపకుండానే తనూ మోకాళ్ళ మీద పైకి పాకాడు. ఏం మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియదు, సర్వేయరు సంగతి, బస్సు సంగతి, వాన సంగతి. కూతురు ఆయన చొక్కా పట్టుకుని తలుపు వైపు లాగుతోంది. మాట ఎక్కడో ఒకచోట ముగించాలి.

"అంతే," అన్నాడు.

కింద పాళీ చప్పుడు వెనకబడి ఉంది. గబగబా వస్తోంది. పైఅంతస్తు దాకా... గుండీల దాకా... వాన దాకా... అంతే దాకా. ఆగింది.

తర్వాత ఇంకొక్క చిన్న చప్పుడు. టక్. చుక్క పెట్టింది.

ఇద్దరూ ఆ వానలో బస్టాపు దాకా ఒక్క మాట అనుకోలేదు.

అలా కూతురు ఇంటికొచ్చింది. రెండు రోజులు గొంతు లేదు. వేడి నీళ్ళు పుక్కిలించి తల ఊపడమే. మిషను, సామాను కొట్టు అద్దెకిచ్చిన ఇంటాయన మనుషులతో పంపించేశాడు. మూత మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన తన గది కిటికీలు తెరిచాడు, కూతురి గదివీ తెరిచాడు. ఆమె మిషను కిటికీ పక్కన పెట్టుకుని ఆగిపోయిన జాకెట్టు మళ్ళీ మొదలుపెట్టింది. మిషను చప్పుడు వింటూ పెద్దాయన, ఏదేమైతేనేం, పిల్ల ఇంట్లో ఉంది అనుకున్నాడు. కిందేం చూశావని అడగలేదు. ఆమె చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం సర్వేయరు వచ్చాడు. ఎప్పుడూ లేనిది, వస్తూ వెటకారం ఆడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నేను ఆ కొట్టుకి వెళ్ళొచ్చాను. ఇంటాయన పలకలు బిగించేస్తుంటే ఆపి చూశాను. పలకల కింద ఏ రాతా లేదు. సుబ్బరంగా ఉన్నాయి."

పెద్దాయన ఆకుపచ్చ గుడ్డ మీద పెన్నులు సర్దాడు.

"సరే, రాత సంగతి వదిలెయ్. నువ్వు నడుం దాకా దిగానన్నావు కదూ?"

"దిగాను." పెద్దాయన గొంతు కూడా తగ్గింది. "పంట్లాం ఇంకా ఉతకలేదు. మట్టి నడుం దాకా ఉంది, చూపిస్తా."

"టేపు పెట్టి కొలిచాను. నాలుగు చోట్ల కొలిచాను." సర్వేయరు జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "పలకకీ నేలకీ మధ్య తొమ్మిది అంగుళాలు. ఎక్కడా అంతకంటే లేదు. అందులో పిల్లి కూడా పట్టదు. మరి మూడు గంటలు అమ్మాయి ఎక్కడుంది?"

సర్వేయరు మాట ఆగిన చోటే పక్క గదిలో మిషను కూడా ఆగింది.

"తొమ్మిది కాదు బాబాయ్," అంది కూతురు. గొంతు బాగా తేరుకుంది, మెత్తగా ఉంది. "అది గుమ్మం దగ్గర. లోపలికి వెళ్ళేకొద్దీ పెరుగుతుంది."

మిషను మళ్ళీ మొదలైంది.